వెనుక ఇరుసు మార్పిడి (మోటారు కార్లు)

వెనుక ఇరుసు మార్పిడి అనగా కర్మాగారంలో కారుకు అమర్చిన వెనుక ఇరుసును తొలగించి, దాని స్థానంలో అంతకంటే దృఢమైన మరొక ఇరుసును అమర్చడం. వెనుక చక్రాల ద్వారా నడిచే క్రీడా కార్లలో ఇంజను శక్తిని పెంచినప్పుడు, లేదా కారును పందేలలో వాడదలచినప్పుడు ఈ మార్పు అవసరమవుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. 1993-2002 మధ్య తయారైన నాలుగవ తరం షెవ్రోలే కామెరో కారు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఇరుసు చేసే పని

ఎడ్లబండి ఇరుసు బరువును మాత్రమే మోస్తుంది. చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. వెనుక చక్రాలతో నడిచే కారులోని ఇరుసు బరువు మోయడంతో పాటు మరి మూడు పనులు చేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వచ్చే భ్రమణాన్ని 90 డిగ్రీలు మళ్ళించి చక్రాలకు అందిస్తుంది. భ్రమణ వేగాన్ని తగ్గించి, ఆ మేరకు టార్కును, అనగా తిప్పే బలాన్ని పెంచుతుంది. మలుపులలో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పిస్తుంది.

ఈ పనుల కోసం ఇరుసు మధ్యభాగంలో ఒక చిన్న పళ్ళచక్రం, ఒక పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. మన మెకానిక్కులు వీటిని పీనియను, క్రౌను అని పిలుస్తారు. క్రౌనుకు బిగించిన పెట్టెలో డిఫరెన్షియల్ ఉంటుంది. దాని నుండి ఇరువైపులా రెండు యాక్సిల్ షాఫ్టులు చక్రాల వరకు వెళతాయి. వీటన్నింటినీ కప్పి ఉంచే ఇనుప తొడుగును హౌసింగు అంటారు. రెండు వెనుక చక్రాలనూ ఒకే దృఢమైన హౌసింగు కలిపే ఈ నిర్మాణమే మన దేశంలో 2014 వరకు తయారైన అంబాసిడర్ కారులోనూ ఉండేది.

ఇరుసుపై పడే బలం

ఇంజను టార్కు నేరుగా ఇరుసుకు చేరదు. గేరుబాక్సులో ఒకసారి, క్రౌను-పీనియను వద్ద మరొకసారి పెరిగి చక్రాలకు చేరుతుంది. 1998 నాటి కామెరో జడ్28 కారులోని 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 ఇంజను గరిష్ఠ టార్కు సుమారు 454 న్యూటన్-మీటర్లు. ఆరు గేర్ల మాన్యువల్ గేరుబాక్సులో మొదటి గేరు నిష్పత్తి 2.66, ఇరుసు నిష్పత్తి 3.42.

454 × 2.66 × 3.42 = సుమారు 4,130 న్యూటన్-మీటర్లు

అనగా ఇంజను వద్ద ఉన్న టార్కు యాక్సిల్ షాఫ్టులను చేరేసరికి తొమ్మిది రెట్లకు పైగా పెరుగుతుంది. ఇంజను టార్కును 600 న్యూటన్-మీటర్లకు పెంచితే ఇదే లెక్క సుమారు 5,460కి చేరుతుంది.

అయితే ఈ బలమంతా ఇరుసుపై పడాలంటే టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకొనాలి. సాధారణ టైర్లు ఒక స్థాయి దాటగానే జారి తిరుగుతాయి. అలా జారడం వలన ఇరుసుకు కొంత రక్షణ లభిస్తుంది. పందెపు టైర్లు జారవు కనుక ఆ రక్షణ పోతుంది. అందువలన ఇంజనును మార్చకపోయినా, టైర్లు మార్చినంత మాత్రాన ఇరుసు విరిగే అవకాశముంది. క్లచ్చిని ఒక్కసారిగా వదిలినప్పుడు కలిగే కుదుపు పైన లెక్కించిన విలువ కంటే కూడా ఎక్కువ బలాన్ని కలిగించగలదు. ఆటోమాటిక్ గేరుబాక్సులోని టార్క్ కన్వర్టర్ ఈ కుదుపును కొంత తగ్గిస్తుంది.

బలహీనతకు కారణాలు

నాలుగవ తరం కామెరోలో జనరల్ మోటార్స్ సంస్థ అమర్చిన ఇరుసును, వెనుక మూతకు ఉండే పది బోల్టులను బట్టి "10 బోల్టుల ఇరుసు" అంటారు. దాని క్రౌను వ్యాసం 7.625 అంగుళాలు. సాధారణ వాడకానికి ఇది సరిపోతుంది. ఎక్కువ టార్కు పడినప్పుడు మాత్రం ఈ క్రింది లోపాలు బయటపడతాయి.

* క్రౌను చిన్నది కావడం: టార్కును క్రౌను వ్యాసార్ధంతో భాగిస్తే పళ్ళపై పడే బలం వస్తుంది. కనుక 7.625 అంగుళాల క్రౌనుకు బదులు 9 అంగుళాల క్రౌను వాడితే, అదే టార్కుకు పళ్ళపై బలం సుమారు 15 శాతం తగ్గుతుంది.
* హౌసింగు వంగడం: పళ్ళు ఒకదానినొకటి నెట్టుకొన్నప్పుడు పీనియను, క్రౌను దూరంగా జరగడానికి ప్రయత్నిస్తాయి. హౌసింగు ఏ మాత్రం వంగినా పళ్ళు వాటి అంచుల వద్ద మాత్రమే తాకి విరుగుతాయి.
* సన్నని యాక్సిల్ షాఫ్టులు: మెలితిప్పే బలానికి షాఫ్టు ఓర్పు దాని వ్యాసం యొక్క ఘనమును బట్టి పెరుగుతుంది. 28 గాడుల షాఫ్టుకు బదులు అదే లోహంతో, అదే కొలత గాడులతో 35 గాడుల షాఫ్టు వాడితే వ్యాసం 1.25 రెట్లే అయినా బలం దాదాపు రెట్టింపు అవుతుంది.

ప్రాణాపాయం

ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది చక్రాన్ని నిలిపి ఉంచే విధానం. 10 బోల్టుల ఇరుసులో యాక్సిల్ షాఫ్టును దాని లోపలి కొన వద్ద, డిఫరెన్షియల్ లోపల, "సీ" ఆకారపు చిన్న క్లిప్పు మాత్రమే పట్టి ఉంచుతుంది. షాఫ్టు విరిగితే బయటి ముక్కను ఆపేది ఏదీ ఉండదు. చక్రంతో సహా ఆ ముక్క కారు నుండి ఊడి బయటకు వస్తుంది. అధిక వేగంలో ఇది జరిగితే కారు అదుపు తప్పుతుంది. ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసులో చక్రం వైపు బేరింగును షాఫ్టుపై బిగించి, దానిని ఒక పలకతో హౌసింగు కొనకు బోల్టులతో పట్టిస్తారు. షాఫ్టు లోపల విరిగినా చక్రం తన స్థానంలోనే ఉంటుంది. కనుక ఇరుసు మార్పిడి వేగం కొరకే కాక ప్రాణరక్షణ కొరకు కూడా అవసరమైనది.

ప్రత్యామ్నాయ ఇరుసులు

* ఫోర్డ్ 9 అంగుళాలు: 1957 మోడలు కార్లతో ప్రవేశించి 1986 వరకు ఫోర్డ్ వాహనాలలో వాడబడింది. క్రౌను, పీనియను, డిఫరెన్షియల్ అన్నీ కలిసిన మధ్యభాగం ముందువైపు నుండి ఒకే ముక్కగా బయటకు వస్తుంది. పీనియనుకు ముందు రెండు బేరింగులతో పాటు వెనుక కొనన మూడవ బేరింగు ఉండడం దీని ప్రత్యేకత.
* జనరల్ మోటార్స్ 12 బోల్టులు: క్రౌను వ్యాసం 8.875 అంగుళాలు. 9 అంగుళాల ఇరుసు కంటే ఘర్షణ వలన వృథా అయ్యే శక్తి తక్కువ.
* డానా 60: క్రౌను వ్యాసం 9.75 అంగుళాలు. మొదట బరువు వాహనాల కొరకు ప్రసిద్ధి చెందినది. మిక్కిలి దృఢమైనది, బరువైనది.

అమర్చే విధానం

పాత ఇరుసును తీసి కొత్తది పెట్టడం చూడడానికి సులభంగా కనిపిస్తుంది కాని, ఈ అంశాలు సరిపోలాలి.

1. వెడల్పు: చక్రాల మధ్య దూరం మారకూడదు, మారితే టైర్లు కారు బాడీకి రాసుకొంటాయి.
2. పట్టుకొమ్మలు: కామెరోలో క్రింది ఆర్ములు, పాన్‌హార్డ్ రాడ్, స్ప్రింగులు ఇరుసుకు తగులుకొంటాయి. వీటితో పాటు ఇరుసు నుండి గేరుబాక్సు వరకు సాగే పొడవాటి టార్క్ ఆర్ముకు కూడా కొత్త హౌసింగుపై పట్టు ఉండాలి.
3. ప్రొపెల్లర్ షాఫ్టు: పీనియను పొడవు మారినప్పుడు షాఫ్టు పొడవును, యూనివర్సల్ జాయింటును మార్చవలసి రావచ్చు. పీనియను కోణం తప్పితే కారు అదురుతుంది.
4. బ్రేకులు, సెన్సార్లు: ఏబీఎస్ సెన్సార్ల కొరకు పళ్ళ రింగులు కొత్త ఇరుసులో లేకపోతే ఏబీఎస్ పని చేయదు.
5. స్పీడోమీటరు: ఇరుసు నిష్పత్తి మారితే ఇంజను కంప్యూటరులోని విలువను సవరించాలి. లేనిచో వేగం తప్పుగా చూపుతుంది.

క్రౌను-పీనియను అమరికలో మిక్కిలి జాగ్రత్త అవసరం. పళ్ళ మధ్య ఆటను డయల్ గేజితో కొలుస్తారు. సాధారణంగా అది 0.15-0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పళ్ళకు రంగు పూసి త్రిప్పి, పడిన గుర్తును బట్టి పీనియను లోతును సరిచేస్తారు. హైపాయిడ్ పళ్ళు ఒకదానిపై ఒకటి జారుతూ కదులుతాయి కనుక జీఎల్-5 వంటి ప్రత్యేక నూనె వాడాలి. కొత్త పళ్ళు మొదట్లో బాగా వేడెక్కుతాయి. అందుచేత కారును మొదట నెమ్మదిగా నడిపి, మధ్యలో చల్లారనిచ్చి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత నూనె మార్చడం మంచిది.

లాభనష్టాలు

దృఢమైన ఇరుసు బరువైనది. ఈ బరువు స్ప్రింగుల క్రింద ఉంటుంది కనుక గతుకులలో చక్రం రోడ్డును పట్టుకొనే తీరు కొంత దెబ్బతింటుంది. ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసులో పీనియను, క్రౌను మధ్యరేఖకు 2 అంగుళాలకు పైగా దిగువన ఉంటుంది. దీనివలన పళ్ళ పట్టు పెరుగుతుంది కాని, జారుడు ఎక్కువై కొంత శక్తి వేడిగా పోతుంది. ఇరుసు బలపడిన తరువాత అధిక టార్కు వలన గేరుబాక్సు, క్లచ్చి, ప్రొపెల్లర్ షాఫ్టులలో ఏది బలహీనమైతే అది విరుగుతుంది. కనుక ఇరుసును ఎంచుకొనే ముందు ఈ భాగాలన్నింటి సామర్థ్యాన్ని కలిపి లెక్కించాలి.

2010 మోడలుగా తిరిగి వచ్చిన కామెరోలో స్వతంత్ర వెనుక సస్పెన్షన్ ప్రవేశపెట్టడంతో, ఆ కార్లలో ఇరుసు మార్పిడి పద్ధతి వేరుగా ఉంటుంది.

భారతదేశంలో

మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడం యజమానికి అనుమతించబడలేదు. కనుక ఇంజను మార్పుతో కూడిన ఇటువంటి పనులు చేపట్టే ముందు రవాణా శాఖ నిబంధనలు తెలుసుకొనడం అవసరం.

ఇవి కూడా చూడండి

* డిఫరెన్షియల్
* గేరుబాక్సు
* టార్కు
* షెవ్రోలే కామెరో