వాక్యం విన్న ఊళ్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల్లో బైబిలును జనం ముందు విన్నారు, చాలా కాలానికి చదివారు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు 1880ల్లో కరీంనగర్‌లో పని మొదలుపెట్టారు. అప్పటికే తెలుగు వాక్యం అచ్చులో పాతబడింది. విశాఖపట్నంలో మిషనరీ డెగ్రాంజెస్ తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో, కొత్త నిబంధన 1818లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కానీ నిజాం ఏలుబడిలో సర్కారు బడి ఉర్దూది. సువార్త విన్న మాల, మాదిగ వాడలకు ఆ బడి గడప కూడా అందలేదు. అక్కడ ప్రసంగమే గ్రంథమైంది.

దాన్ని ఊరూరా మోసింది తెల్ల మిషనరీలకంటే ఎక్కువగా మన ఉపదేశులే. జనం కూలి నుంచి తిరిగొచ్చి, ఇంత తిన్నాకే కూడిక. లాంతరు దగ్గర ఒక వచనం చదివి, అందరిచేతా పలికించి, కథగా విప్పేవారు. అచ్చులో ఉన్నది గ్రాంథికం. 'ఏలయనగా' అని చదివి, అదే ఊపిరిలో 'ఎందుకంటే' అనాలి. 'గొఱ్ఱెలు' అక్కడ 'గొర్లు' కావాలి. నా దృష్టిలో అది బైబిలుకు రెండో అనువాదం. ఆ అనువాదకుల పేర్లు ఏ అట్ట మీదా లేవు. విన్నది మరిచిపోకుండా కాపాడింది పాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు అక్షరం రాని నోళ్లలో కూడా నిలిచాయి.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1978లో కరీంనగర్ డయాసిస్ వేరుగా ఏర్పడింది. అంతకంటే పెద్ద మార్పు విశ్వాసి చేతిలో జరిగింది. హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా పనిచేసిన భక్తసింగ్ సహవాసాల్లో ప్రతివాళ్లూ బైబిలు పట్టుకొచ్చి, చెప్పిన వచనాన్ని అక్కడికక్కడే తీసి చూసేవారు. బోధకుని మాటను గ్రంథంతో సరిచూసుకునే హక్కు సామాన్యుడికి దక్కింది.

ఇప్పుడు కోరుట్లలో ఒడిలో చాటతో, తునికాకుతో బీడీలు చుడుతూ, పక్కన సెల్‌ఫోన్‌లో ప్రసంగం పెట్టుకున్న అక్కలున్నారు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు ఆగాక ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్లున్నారు. వాక్యం మళ్లీ చెవికే చేరింది. అలసిన మనిషికి అది ఆదరణే, కాదనను. కానీ ఆనాటి ఉపదేశి ముందు వచనం చదివేవాడు, తర్వాతే మాట్లాడేవాడు. ఈనాటి చాలా ప్రసంగాల్లో వచనం ఒక్క ముక్కగా వచ్చి పోతోంది.

ఈ ఆదివారం విన్న వచనానికి ముందూ వెనకా ఉన్న అధ్యాయమంతా ఇంట్లో తెరిచి చదవండి. చదువురాని అమ్మ ఉంటే, ఆమెకు వినబడేలా చదవండి.