పొగాకు, ఉమ్మెత్త, పురుగుమందు: ఒక నాడీదూత చరిత్ర

దొనకొండ నుంచి పొదిలి, కనిగిరి దాకా పశ్చిమ ప్రకాశం మెట్ట రైతుకు మూడు విషాలు బాగా పరిచయం. పొగాకులో నికోటిన్, గట్ల మీది ఉమ్మెత్తలో అట్రోపిన్ జాతి రసాయనాలు, పత్తికీ మిర్చికీ కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు. ఈ మూడూ నరాల మధ్య కబురు మోసే అసిటైల్‌కోలిన్ పనిలోనే జోక్యం చేసుకుంటాయి. ఆ కబురు సంగతి శాస్త్రవేత్తలకు తెలిసింది కూడా ఇలాంటి విషాల వల్లే.

1905లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ, నరం తెగి క్షీణించాక కూడా నికోటిన్ తగిలితే కండరం ముడుచుకుంటుందని చూపాడు. అంటే నికోటిన్‌ను అందుకునే పదార్థం కండరంలోనే ఉంది. నేటి గ్రాహకాల సిద్ధాంతానికి అదే పునాది. 1914లో హెన్రీ డేల్ అసిటైల్‌కోలిన్ ప్రభావాలను రెండుగా విడదీశాడు. కొన్ని నికోటిన్ చేసే పనిని పోలినవి, కొన్ని పుట్టగొడుగు విషం మస్కరిన్‌ను పోలినవి. అట్రోపిన్ ఈ రెండో రకాన్ని ఆపుతుంది.

నరం నిజంగా రసాయనాన్ని విడుస్తుందా? 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆటో లోవీ కప్ప గుండెకు వెళ్లే వేగస్ నరాన్ని ప్రేరేపించాడు. గుండె నెమ్మదించింది. అందులోని ద్రవాన్ని మరో గుండెకు ఎక్కిస్తే అదీ నెమ్మదించింది. ఈ పనికే 1936లో డేల్, లోవీలకు నోబెల్ బహుమతి వచ్చింది.

అదే ఏడాది డిసెంబరులో జర్మనీలో పురుగుమందు కోసం వెతుకుతున్న గెర్హార్డ్ ష్రాడర్, టాబున్ అనే భయంకర విషాన్ని తయారుచేశాడు. యుద్ధంలో వాడే నాడీ విషాలూ, చేలలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులూ ఆ రసాయన వంశానివే. పని ముగిసిన అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఇవి కట్టేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చెమట, చొంగ, వాంతులు, సూదిమొనంత కంటిపాప, ఊపిరితిత్తుల్లో స్రావాలు, చివరికి శ్వాస కండరాల పక్షవాతం.

అప్పుడు వైద్యులు ఆశ్రయించేది అట్రోపిన్‌నే. ఊపిరితిత్తులు తేటపడేదాకా మోతాదు పెంచుతూ ఇస్తారు. కానీ కండరాల దగ్గరి నికోటిన్ తరహా గ్రాహకాలపై అది పనిచేయదు. శ్వాస కండరాలు చచ్చుబడితే వెంటిలేటరే దిక్కు. కొలత తెలియని ఉమ్మెత్త రసం ఇందుకు మందు కాదు, అది మరో విషం.

ఈ పురుగుమందుల్లో కొన్నింటిని మన దేశం ఆపేసింది. ఫోరేట్, ట్రయాజోఫాస్ 2020 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం. నిషేధం పడనివి ఇంకా చేలలో ఉన్నాయి. డబ్బా మీద అతి విషానికి గుర్తైన ఎర్ర త్రికోణం ఉందా అని చూడడం, గాలికి ఎదురుగా పిచికారీ చేయకపోవడం, తడిసిన బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడుక్కోవడం, అనుమానం రాగానే డబ్బాతో సహా ఆసుపత్రికి పరుగెత్తడం: నూరేళ్ల శాస్త్రం రైతు ఇంటికి అందించగల అసలు ఫలితం ఇదే. ఇది ప్రతి పురుగుమందు దుకాణంలో, ప్రతి రైతు సేవా కేంద్రంలో నోటితో చెప్పాలి.