కళ్ళకు గంతలు కట్టి ఆడించిన ఆట

కిందటి భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, బాక్సింగ్ అంటేనే కొట్టుకోవడం కదా, మళ్ళీ దానికి రూల్స్ ఎందుకు?" మంచి ప్రశ్న. జవాబు కోసం బూట్లు పాలిష్ చేసిన ఒక కుర్రాడి దగ్గరికి వెళ్ళాలి. ముందు రూల్స్ సంగతి.

1867లో లండన్‌లో క్వీన్స్‌బెర్రీ నియమాలు అచ్చయ్యాయి. రాసింది జాన్ గ్రాహం చాంబర్స్, పేరు మాత్రం క్వీన్స్‌బెర్రీ దొరది. (ఇది మనకు కొత్తేం కాదు.) చేతులకు గ్లోవ్స్ ఉండాలి. మూడు నిమిషాలకో రౌండ్, మధ్యలో నిమిషం విశ్రాంతి. పడినవాడు లేవడానికి పది సెకన్లు. మోకాలు నేలకు ఆనినవాణ్ణి కొట్టకూడదు. 1880లో ఇంగ్లండ్‌లో అమెచ్యూర్ బాక్సింగ్ అసోసియేషన్ వచ్చింది. ఈ రోజు అమెచ్యూర్ బాక్సర్ రింగ్ ఎక్కాలంటే ముందు డాక్టరు చూడాలి, బరువు తూచాలి. నాకౌట్ అయితే కొంతకాలం రింగ్ దరిదాపులకు రానివ్వరు.

గ్లోవ్స్ ఆట అమెరికాలోనూ పాతుకుపోయింది. కానీ అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో "బ్యాటిల్ రాయల్" అని ఇంకొకటి నడిచేది. ఐదారుగురు, ఒక్కోసారి ఇంకా ఎక్కువమంది నల్లజాతి కుర్రాళ్ళను ఒకేసారి రింగ్‌లోకి తోసేవాళ్ళు. చాలాసార్లు కళ్ళకు గంతలు కట్టేవాళ్ళు. ఎవరి దెబ్బ ఎవరికి తగులుతుందో కొట్టేవాడికే తెలీదు. చివరిదాకా నిలబడ్డవాడికి తెల్లవాళ్ళు విసిరిన చిల్లర. బరువు చూసేదెవరు? డాక్టరెక్కడ?

1902లో లైట్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అయిన జో గాన్స్ ఇలాంటి వాటిలోంచే వచ్చాడు.

నేను చెప్పిన కుర్రాడు బో జాక్. అసలు పేరు సిడ్నీ వాకర్, 1921లో జార్జియా రాష్ట్రం అగస్టాలో పుట్టాడు. పెంచింది అవ్వ. చదువు లేదు. బూట్లు పాలిష్ చేశాడు, గంతలు కట్టుకుని బ్యాటిల్ రాయల్స్‌లో కొట్టుకున్నాడు. పేరుమోసిన అగస్టా గోల్ఫ్ క్లబ్బు పెద్దలు అతని దెబ్బ చూసి ముచ్చటపడి, డబ్బులేసి బాక్సర్‌ని చేశారు. 1942లో న్యూయార్క్‌లో లైట్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. 1944లో అతని ఆట చూపించి యుద్ధ బాండ్లు అమ్ముకున్నారు. అన్నీ అయ్యాక మయామీ బీచ్‌లో ఒక హోటల్లో మళ్ళీ బూట్లు పాలిష్ చేశాడు. ఆ పెద్దల దాతృత్వాన్ని మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. నేను మెచ్చుకోలేను. గంతలు కట్టిన ఆటను వినోదంగా చూసినవాళ్ళు వాళ్ళే.

రూల్స్ ఉంటే ప్రాణం పోదని కాదు. 1982లో లాస్ వెగాస్‌లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండ్‌లో పడిపోయి, నాలుగు రోజులకు చనిపోయాడు. ఆ తర్వాత టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కి తగ్గాయి. తేడా ఇక్కడుంది తమ్ముడూ. కిమ్ చావు లెక్కలోకి వచ్చింది, రూలు మార్చింది. గంతలు కట్టుకున్న పిల్లల దెబ్బలు రాసుకునే పుస్తకమే లేదు.

అలాగని రూల్స్ రాసేవాళ్ళను గుడ్డిగా నమ్మొద్దు. బ్రిటన్‌లో ప్రొఫెషనల్ బాక్సింగ్ బోర్డు రూలు ప్రకారం, బ్రిటిష్ టైటిల్‌కు పోటీపడేవాడి తల్లిదండ్రులిద్దరూ తెల్లవాళ్ళై ఉండాలి. మోకాలు ఆనినవాణ్ణి కాపాడే పుస్తకమే నల్లవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టింది. ఆ రూలు 1948లో పోయింది. అదే ఏడాది జూన్‌లో బర్మింగ్‌హామ్‌లో డిక్ టర్పిన్ మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. వాళ్ళ నాన్న బ్రిటిష్ గయానా నుంచి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫునే పోరాడినవాడు.