చేబదులూ, తాకట్టూ

పెంటపాడులో పక్కింటావిడ గ్లాసుడు పంచదార చేబదులు పుచ్చుకుని నెలైనా ఇవ్వకపోతే మనమేం చేస్తాం? మహా అయితే మొహం ముడుచుకుంటాం. అంతేగాని ఆవిడ పెరట్లో కొబ్బరిచెట్టు మాదే అనం. అంటే నలుగురూ ఊరుకోరు. రాజ్యాల మధ్య అప్పులకి ఆ నలుగురూ ఉండరు. అందువల్ల మన నేల సంగతే ఒకప్పుడు ఏమైందో చూడండి.

1766లో నిజాం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఏలూరు, రాజమండ్రి సర్కారులు అందులోవే. ఊరికే ఇవ్వలేదు, కంపెనీ ఏటేటా పేష్కషు చెల్లించాలి. చివరికది ఏడాదికి 7 లక్షల రూపాయల దగ్గర నిలిచింది. అంటే అప్పటికి బాకీదారు కంపెనీయే!

ఇంతలో హైదరాబాదు ఖజానా అడుగంటింది. చందూలాల్ పెత్తనంలో సర్కారు, పామర్ అనే దొర నడిపే వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర పెద్ద వడ్డీలకి అప్పులు చేసింది. 1823లో ఆ అప్పు తీర్చక తప్పలేదు. నూటికి 6 వడ్డీ చొప్పున ఏటా 7 లక్షలు రావాలంటే అసలు ఎంతుండాలి? 1,16,66,666 రూపాయలు. ఈస్టిండియా కంపెనీ ఆ మొత్తం ఒక్కసారే లెక్కగట్టింది, అది పామర్ బాకీకి పోయింది. పేష్కషు శాశ్వతంగా రద్దయింది. పాలిచ్చే గేదెను అమ్మి షావుకారు నోరు మూయించినట్టయింది.

అంతటితో ఆగిందా? సైన్యం జీతాల బాకీ పేరుతో 1853లో కంపెనీ పత్తి పండే బేరారును చేతిలోకి తీసుకుంది. ఆ సైన్యాన్ని నడిపేది కంపెనీ దొరలు, జీతాలు మాత్రం నిజాంవి! 1902లో అది ఏటా 25 లక్షలకి శాశ్వత కౌలు అయిపోయింది. బేరారు మళ్ళీ నిజాం చేతికి రాలేదు.

అదే హైదరాబాదు నగరం 2018లో బాండ్లమ్మి 200 కోట్లు అప్పు తెచ్చుకుంది. వడ్డీ నూటికి 8.9. నగరం కట్టలేకపోయినా చార్మినారును ఎవరూ పట్టుకుపోలేరు. పైన ప్రభుత్వం ఉంది, చట్టం ఉంది, కోర్టు ఉంది. మన తాడేపల్లిగూడెం మునిసిపాలిటీ అప్పు చేసినా అంతే.

దేశానికి ఆ పెద్దదిక్కు లేదు. 1991లో విదేశీ చెల్లింపులకి డబ్బు చాలక మన దేశం దాదాపు 47 టన్నుల బంగారం లండన్‌కి పంపి అప్పు తెచ్చుకుంది. అప్పయితే తీర్చేశాం. కానీ పిల్లల ఫీజులకి గాజులు తీసి ఇచ్చిన మనకి ఆనాటి బాధ ఒకరు చెప్పాలా?

అప్పనగానే వడ్డీ ఎంతని అడుగుతాం. ఇవ్వలేని రోజు తగువు తీర్చేదెవరని కూడా అడగాలండీ!