కుండ లేని వంట

కిందటి శీతాకాలం సాగర్‌కి పిక్నిక్ వెళ్ళినప్పుడు వంట తమదేనన్నారు మావారు. ఆడవాళ్ళెవరూ పొయ్యి దగ్గరికి రాకూడదట! ముక్కలు కొట్టకుండా, కోడిని కోడిగానే ఇనపచువ్వకు గుచ్చి మంటమీద తిప్పారు. గంటన్నర తర్వాత చూస్తే పైనంతా బొగ్గు, తొడ దగ్గర కత్తి పెడితే నెత్తురు. మేం కట్టుకెళ్ళిన పులిహోరే ఆ పూట అందరి ప్రాణాలూ నిలబెట్టింది.

నాకు పట్టుదల వచ్చింది. ఆరుబయట నిప్పుమీద మొత్తం కోడిని పండించిన మహానుభావులెవరా అని పుస్తకాలు తిరగేశాను. చాలా దేశాలవాళ్ళే ఉన్నారు గానీ నన్ను కట్టిపడేసింది చైనావాళ్ళ ‘బిచ్చగాడి కోడి’.

షాంఘైకి దగ్గర్లో చాంగ్‌షూ అని ఒక ఊరుంది. కథ అక్కడిదంటారు. హాంగ్‌జౌ వాళ్ళు కాదు మాదేనంటారు, అది వేరే తగువు. ఒక బిచ్చగాడికి కోడి దొరికింది. దొరికిందని మర్యాదకి అంటున్నాను, ఎత్తుకొచ్చాడు. కోడి ఉంది, నిప్పు ఉంది. కుండ లేదు. పోనీ ఈకలు పీకి కాలుద్దామంటే దొంగతనం బయటపడుతుంది. మన పల్లెల్లోనూ అంతేగా, కోడి పోయిందంటే ముందు ఎవరి పెంటకుప్పమీద ఈకలున్నాయో చూస్తారు! అందుకని పొట్ట శుభ్రంచేసి, ఈకలతోనే తడి బంకమన్ను మందంగా మెత్తి, నిప్పుల్లో పూడ్చేశాడు. మన్ను కాలి పెంకులా బిగిసింది. పగలగొడితే ఈకలన్నీ మట్టికంటుకుని ఊడొచ్చాయి, లోపల మెత్తటి మాంసం. ఈకలైతే దాచాడు గానీ వాసన ఎక్కడ దాస్తాడు పాపం? ఆ దారిన పోయే ఒక పెద్దమనిషి ఆగి, రుచి చూసి, ఇంటికెళ్ళి తన వంటవాడిచేత చేయించుకున్నాడు. కాదు, వచ్చింది సాక్షాత్తూ చక్రవర్తేనని కొందరంటారు. కథ కదా, సాక్ష్యం అడక్కండి.

కిటుకు మాత్రం కథ కాదు. మంట నేరుగా తగిలితే పైచర్మం మాడుతుంది, రొమ్ము ఎండుతుంది, ఎముకనంటిన తొడ పచ్చిగానే ఉంటుంది. మన్ను ఆ సెగను ఆపి, వేడిని మెల్లిగా లోపలికి పంపుతుంది. కోడిలోని నీరే ఆవిరై కోడిని ఉడికిస్తుంది. లేని కుండను కోడి చుట్టూ కట్టుకున్నాడన్నమాట! మన మారేడుమిల్లి అడవుల్లో వెదురుబొంగులో కోడి వండేదీ ఇలాంటి ఉపాయమే. ఇనుమూ ఇత్తడీ లేనిచోట చేతికి దొరికిందే గిన్నె.

తర్వాత ఆ కోడి ఎక్కడికి చేరిందనుకున్నారు? హాంగ్‌జౌలో పడమటి సరస్సు ఒడ్డున 1848లో పెట్టిన లౌ వై లౌ అనే భోజనశాలకు ఈ వంటకం పెద్ద పేరు. తామరాకుల్లో చుట్టి, కడుపులో మసాలాలు కూరి చేస్తారు. హాంకాంగ్‌లోనూ తైవాన్‌లోనూ దీన్ని ‘ఫూ గ్వేయ్ జీ’ అని కూడా అంటారు. అంటే సిరిసంపదల కోడి! విందుబల్లమీద బిచ్చగాడి మాట శుభం కాదు కాబోలు. వాడి వంట కావాలి, వాడి ఊసు వద్దు.

ఒక్క రచయిత మాత్రం వాడిని వదల్లేదు. జిన్ యోంగ్ 1957 నుంచి 1959 దాకా హాంకాంగ్ పత్రికలో రాసిన సాహసగాథల నవలలో హువాంగ్ రోంగ్ అనే పిల్ల దారిలో ఈ కోడిని కాలుస్తుంది. వాసన పట్టుకుని వచ్చినవాడు ఎవరు? బిచ్చగాళ్ళ సంఘానికి పెద్ద, మహా యోధుడు. రోజూ తన చేతివంట పెట్టి, ఆయనచేత తన స్నేహితుడికి యుద్ధవిద్య నేర్పించుకుంటుంది! వంటింటి విద్యకు ఆ ధర కట్టినందుకు నాకా రచయితమీద గౌరవం.

ఇదంతా విన్నాక మావారు ఊరుకుంటారా? మొన్న ఆదివారం బంకమన్ను తెప్పించి, కోడిని అరిటాకుల్లో చుట్టి, పెరట్లో నిప్పులు పేర్చారు. మా పనిమనిషి అంట్లు తోముతూ కాసేపు చూసి నవ్వింది.

“ఇదేం కొత్తండీ అమ్మగారూ! మా అయ్య కూలికి పోయినకాడ పిట్టల్ని ఇట్టాగే కాల్చి పెట్టేవోడు మాకు.”

“మన్నులోనా?”

“మరి గిన్నె ఏదీ?”

చేతులు కడుక్కొచ్చి, మావారి చేతిలో కర్ర తీసుకుని, నిప్పుల్ని మన్నుముద్ద చుట్టూ ఎగదోసింది. “పైన పగుళ్ళు బాగా రానీండి, అప్పటిదాకా ముట్టుకోమాకండి” అంది. మధ్యాహ్నం మూడింటికి పగలగొట్టాం. తొడ దగ్గర కత్తి పెట్టి చూశాను. నెత్తురు లేదు.