మా వసారాలో అమలాపురం స్టేషన్

మా అమలాపురానికి రైలు లేదు. రైలెక్కాలంటే రాజమండ్రో, కాకినాడో, నరసాపురమో పోవాలి. కానీ మా ఇంట్లో మాత్రం రోజూ సాయంత్రం కాఫీల వేళకి ఒక పాసింజరు బయల్దేరుతుంది, వసారాలో పాత మంచం చెక్క మీద!

అది మా మావయ్యగారిది. రిటైరయ్యాక పెన్షన్లోంచి నెలనెలా కాస్త దాచుకుని, ఎవరో వాడేసిన ఇంజనూ పట్టాలూ కొన్నారు. ఆ నెల గ్యాస్ బండా, పిల్లాడి ఫీజూ ఒకేసారి మీద పడ్డాయి. "ఈ వయసులో బొమ్మలేవిటండీ" అని మా వారి దగ్గర సణిగాను. మావయ్యగారు విన్నారు. ఏమీ అనలేదు. ఆ తర్వాత చక్రాలు తప్ప ఏమీ కొనలేదు. పూతరేకుల అట్టపెట్టెలు కత్తిరించి బోగీలు చేసుకున్నారు. చెట్లకి కొబ్బరి పీచు, కంచెకి ఈనెలు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఈ రైలు పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చిందని. వాళ్ల నాన్నగారు ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, గౌతమి దాటి, కోటిపల్లిలో రైలెక్కి ద్రాక్షారామం మీదుగా కాకినాడ వెళ్లేవారట. 1928లో వేసిన 45 కిలోమీటర్ల లైను అది. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. "నేను పుట్టేసరికి రైలు లేదమ్మా, కథే మిగిలింది" అన్నారు.

చిత్రమేమిటంటే, ఆ యుద్ధమే బొమ్మ రైళ్లనీ ఆపేసింది. లివర్‌పూల్లో మెకానో కంపెనీ 1938లో హార్న్‌బీ డబ్లో అనే చిన్న కరెంటు రైళ్లు తెచ్చింది. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ ఫ్యాక్టరీ బొమ్మలు మానేసి యుద్ధం పనుల్లో పడింది. యుద్ధం అయ్యాక బొమ్మ రైళ్లు మళ్లీ వచ్చాయి. కోటిపల్లి రైలు రావడానికి మాత్రం 2004 దాకా పట్టింది.

అక్కణ్ణుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. దానికోసం పట్టుబట్టిన మన బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉండగానే 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ లైను గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. గౌతమిలో స్తంభాలు లేచాయి. అటు వెళ్లినప్పుడల్లా మావయ్యగారు వాటిని లెక్కపెడతారు.

"తాతా, ఇది మన రైలేనా?" అన్నాడు మావాడు. ఈ హెచ్‌ఓ రైలు అసలు రైల్లో 87వ వంతట. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల విదేశీ పట్టాల లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 కాబట్టి పందొమ్మిది పైచిలుకు ఉండాలి. "లెక్క ప్రకారం మనది కాదురా" అంటూనే, అగ్గిపెట్టె అట్ట మీద 'అమలాపురం' అని రాసి స్టేషన్‌కి అంటించారు.

12 వోల్టుల కరెంటు ఒక పట్టాలోంచి ఇంజన్లోకెళ్లి రెండో పట్టాలోంచి తిరిగొస్తుంది. పట్టా మీద మసి పడితే రైలు ఆగిపోతుంది. మన ఉప్పుగాలికి, తేమకి వారానికోసారైనా తుడవాల్సిందే. ఆయన చేతులు వణుకుతున్నాయని ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నా, పాత నూలుచీర ముక్కకి కాస్త స్పిరిట్ అద్ది.

మొన్న దసరాకి పోపులపెట్టె డబ్బులతో ఒక నీలం బోగీ కొనిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, అట్టబోగీల వెనక తగిలించారు.

"అదేంటండీ, కొత్తది చివరకా?"

"ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవాలి కదమ్మా" అన్నారు, స్విచ్ నాకిస్తూ.

సణిగిన నోటితోనే కూత కూడా నేనే వేశాను.