చిన్న కారుకు సింగారం

ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా మా అమ్మ దానికో తొడుగు కుట్టేది. రేడియోకి క్రోషే లేసు, టీవీకి పూల గుడ్డ, మిక్సీకి గలీబు. "కంపెనీ వాడు చేసింది కంపెనీ వాడిదే. మన చెయ్యి పడితేనే మనదవుతుంది" అనేది. ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో, మా అన్నయ్య మా మారుతి కారు మీద చెయ్యి వేసేదాకా నాకు తెలియలేదు.

అన్నయ్య కంటే ముందు ఇంగ్లండు వాళ్ళ ముచ్చట చెప్పాలి. 1956లో సూయజ్ కాలువ గొడవ వచ్చి అక్కడ పెట్రోలుకు రేషను పెట్టారు. కొద్ది పెట్రోలుతో నడిచే కారు కావలసి వచ్చింది. అలెక్ ఇస్సిగోనిస్ అనే ఇంజనీరు 'మినీ'ని రూపొందించాడు. 1959లో బజారుకొచ్చింది. పట్టుమని పదడుగుల పొడవు! సామాన్యుడి కోసం పుట్టిన ఆ బుల్లి కారు మీద శ్రీమంతులు మోజుపడ్డారు. మరి గుమాస్తా కారూ, తమ కారూ ఒక్కలా ఉంటే ఎలా? లండన్‌లో హెరాల్డ్ రాడ్‌ఫర్డ్ సంస్థ వాటికి తోలు సీట్లూ కొత్త హంగులూ అమర్చి ఇచ్చేది. బీటిల్స్ బృందంలో డ్రమ్ములు వాయించే రింగో స్టార్, తన డ్రమ్ములు పట్టేందుకని మినీకి వెనకవైపు పెద్ద తలుపు పెట్టించుకున్నాడు. జార్జ్ హారిసన్ అయితే కారు ఒళ్ళంతా రంగురంగుల బొమ్మలు వేయించాడు. అందులో మన తాంత్రిక చిత్రాల పోలికలూ ఉన్నాయి.

కారులో పాట ఇంకా పాత ముచ్చట. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ కారు రేడియో తయారుచేసి, దానికి 'మోటరోలా' అని పేరు పెట్టింది. 1963లో ఫిలిప్స్ వాళ్ళు అరచేతిలో ఇమిడే కాసెట్టు తెచ్చారు. తర్వాత అదీ కారెక్కింది. రేడియో వాడు పెట్టిన పాట కాదు, మనం కోరుకున్న పాట మనతో ప్రయాణం చెయ్యడం మొదలెట్టింది.

ఇక మన దేశం. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ హర్‌పాల్ సింగ్ అనే ఆయనకి మొట్టమొదటి మారుతి 800 తాళాలు అందించారు. మూడు సిలిండర్ల బుల్లి ఇంజను, పల్చటి రేకు ఒళ్ళు. మధ్యతరగతి వాళ్ళకి కూడా కారుంటుందన్న ధైర్యం దానితోనే వచ్చింది.

మా నాన్నగారు 1995లో సెకండ్ హ్యాండులో తెల్ల మారుతి కొన్నారు. మాది విజయవాడ. లారీ బాడీలు కట్టే ఆటోనగర్ ఊళ్ళోనే ఉందాయె, అన్నయ్యకి అడ్డేముంది? ట్యూషన్లు చెప్పిన డబ్బుతో అద్దాలకి నల్ల ఫిల్ము, వెనక స్పాయిలరు, పక్కల ఎర్ర చారలు వేయించాడు. ఆ తర్వాత సంగీతం. వెనక సీటు వెనకాల ఉండే ట్రేకి రెండు కోడిగుడ్డు ఆకారపు కన్నాలు కోసి స్పీకర్లు బిగించాడు. స్పీకరు ముందుకి తోసే గాలీ, వెనక్కి తోసే గాలీ కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయట. మధ్య అడ్డుంటేనే మృదంగం మోగుతుందట. "కింద డిక్కీ డోలక్ గుల్లలా పనిచేస్తుందే" అన్నాడు. మోగింది! పాటతోపాటు తలుపు రేకులూ గలగలమన్నాయి. వాటికి లోపల రబ్బరు షీట్లు అతికించాడు. చివరికి తలుపులకీ కన్నాలు కోశాడు.

నాన్నగారు చూశారు. "రూపాయి రూపాయి కూడబెట్టి కొన్నానురా. దాని ఒంటికి కన్నాలు పెడతావా?" అన్నారు. అంతే. నెల్లాళ్ళు తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. అమ్మ ఇద్దరికీ వేరువేరు వేళల్లో అన్నం వడ్డించేది.

ఆ వేసవిలో తిరుపతి ప్రయాణం. ఒంగోలు దాటాక నాన్నగారు, కొడుకు మొహం చూడకుండానే, జేబులోంచి ఒక కాసెట్టు తీసి అందించారు. ఘంటసాల భగవద్గీత. ఆ గొంతు వెనకనుంచి కారంతా నిండింది. కాసేపయ్యాక నాన్నగారు "కాస్త పెంచు" అన్నారు. అద్దంలో అన్నయ్య కళ్ళు చెమర్చడం నేను చూశాను.

అలాగని అన్ని సింగారాలనూ మెచ్చుకోను. 2012లో సుప్రీంకోర్టు కారద్దాలకి నల్ల ఫిల్ములు అతికించకూడదంది. మంచి పని చేసింది. లోపలెవరున్నారో కనబడని కారు పక్కన ఆగితే ఆడపిల్ల గుండె ఎలా కొట్టుకుంటుందో మనకి తెలియదూ? 2019లో, కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్నే మార్చేసిన బండి చెల్లదని కూడా చెప్పింది. ఇంకొకరి నిద్ర, ఇంకొకరి ప్రాణం మొదలయ్యే చోట మన సరదా ఆగాలి.

2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. హర్‌పాల్ సింగ్ 2010లో కన్నుమూసేదాకా తన కారును వదలలేదు. తర్వాత కంపెనీ వాళ్ళు దాన్ని మొదటి రూపానికి తెచ్చి తమ ప్రధాన కార్యాలయంలో పెట్టుకున్నారు. బాగుంది. మా కారుని మాత్రం 2004లో అమ్మేశాం. కొన్నవాడు తలుపుల కన్నాలు చూపించి రెండు వేలు తగ్గించాడు. నాన్నగారు బేరమాడలేదు.

మీ ఇంట్లో కుర్రాడు కారుకి కన్నం పెడుతుంటే కోప్పడండి, తప్పదు. కానీ తర్వాత ఒక్కసారి, మీకిష్టమైన పాట అందులో పెట్టమని అడిగి చూడండి.